కాసింసామి పెండ్లి ప్లేటు

ఎమ్మిగనూరు చుట్టుపట్ల ఒకప్పుడు ఉచ్చీరప్ప గొంతు మోగని పెండ్లి పందిరి లేదు. ఉచ్చీరప్పను రమ్మని పిలిచిన పెండ్లి ఇల్లూ లేదు. గొంతును నెత్తిన పెట్టుకొని మనిషిని గెంటేశారు. ఈ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మండినా ఎవరిని తిట్టాలో తెలియదు. తప్పు చేసినవాడంటూ ఒకడు దొరికితే నాలుగు దులిపేసి హాయిగా ఉండేదాన్ని. వెతికి వెతికి చూశాను, దొరకలేదు.

మాది మగ్గాల వీధి. మా గోడకు అవతలి ఇల్లు ఆయనది. ఆయన కూతురు సుంకులమ్మా నేనూ ఒకే ఈడు వాళ్లం, ఒకరి జడ ఒకరం అల్లుకుంటూ పెరిగాం. ఉచ్చీరప్ప పొట్టిగా, బక్కగా, ఎప్పుడు చూసినా నడుం దాకా మగ్గం గుంటలోనే ఉండేవాడు. ఆయన మాట్లాడితే పక్కన కూర్చున్న వాళ్లకు కూడా సరిగ్గా వినపడేది కాదు. "గొంతంతా పాటకే దాసిపెట్టుకొని పెండ్లానికి గుసగుసలు మిగిల్సినాడు" అనేది ఆయన భార్య హులిగమ్మ. ఆమె నోరు మాత్రం వీధికి ఆ చివరా ఈ చివరా వినపడేది. అంతటి హులిగమ్మ కూడా ఆయన పాట ఎత్తుకుంటే చేతిలో చేట చేతిలోనే పట్టుకొని నిలబడిపోయేది.

ఆయనకు రెండు రకాల పాటలు వచ్చు. ఒకటి, పెండ్లిలో వియ్యపువాళ్లను ఆటపట్టించే పాటలు. రెండోది, వాళ్ల నాయన దగ్గర నేర్చుకున్న కాసింసామి పాట. మా వీధి చివర పీర్లచావిడి ఉంది. దాన్ని చూసుకొనే ముజావరు అబ్దుల్ గనీ, మామూలు రోజుల్లో దూది ఏకి పరుపులు కుట్టేవాడు. పీర్ల పండగ వచ్చిందంటే మగ్గాలన్నీ మూగబోయేవి. చావిడి ముందర గుండం తవ్వి, నిప్పులు పోసి, దాని చుట్టూ మొగవాళ్లు అలాయి ఆడేవాళ్లు. ఆ ఆటలో అన్ని పాటలూ వచ్చేవి. వాన పాట, పత్తిచేను పాట, మరదలి మీద పాట. దేవుని ముందర సరసమేమిటని మా ఊళ్లో ఎవరూ అడగలేదు. పీర్లకు కోపం వచ్చినట్టు కూడా ఎవరికీ తెలియదు.

ఏడో రోజు మాత్రం వేరు. ఆ రోజు కాసింసామిది. పెండ్లిపీటల మీద నుంచి లేచి నేరుగా యుద్ధానికి పోయి ప్రాణం వదిలిన పిల్లవాడు ఆయన. పొద్దు వాలుతుండగా ఉచ్చీరప్ప పాట ఎత్తుకునేవాడు. సగం దాకా పాటంతా పెండ్లే. పసుపు దంచడం, నలుగు పెట్టడం, మొగం నిండా మల్లెల ముసుగు కట్టడం, సామి గుర్రమెక్కి గడప దాటడం. వింటుంటే కాళ్లు వాటంతటవే ఆడేవి. ఆ తరువాత గుర్రం ఒక్కటే తిరిగి వస్తుంది. జీను మీద సామి ఉండడు. అక్కడి నుంచి మొగవాళ్లు కూడా తుండుగుడ్డలు మొగాన కప్పుకునేవాళ్లు. చివరికి సామిని మట్టిలో పెట్టి,

"నీ సావు నీతోనే పోనియ్యి సామీ,
మా ఇండ్ల మొగోళ్లు సల్లగుండాల"

అని పాట దించేవాడు. అప్పుడు గనీ చెంబుతో గుండం మీద నీళ్లు చల్లేవాడు. అందరూ ఒక్కసారిగా ఊపిరి వదిలి, షర్బత్తు తాగి ఇండ్లకు పోయేవాళ్లు.

ఈ పాటకు కట్టుబాట్లున్నాయి. ఎత్తుకున్న గొంతే దించాలి, నడుమ ఇంకొకరు అందుకోకూడదు. మొదలు విన్న చెవులే చివర కూడా వినాలి. సగంలో ఆపితే ఆ చావు దిగకుండా నిలబడిపోయి ఇల్లు వెతుక్కుంటుందని పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. ఒక ఏడు పాట నడుమ వాన దంచికొడితే, వినేవాళ్లు ఒక్కరు కూడా కదలకుండా తడుస్తూ నిలబడ్డది నేను కళ్లారా చూశాను.

ముప్పైఎనిమిదిలో ఆదోని నుంచి కాశీవిశ్వనాథం శెట్టి మా పండగ చూడడానికి వచ్చాడు. పత్తి మార్కెట్టు దగ్గర ఆయనకు దుకాణం. కుట్టుమిషన్లు, గోడ గడియారాలు, గ్రామఫోను పెట్టెలు అమ్మేవాడు. నవ్వు ముఖం, ధర్మాత్ముడు. ఏడో రోజు పాట విని కళ్లు తుడుచుకున్నాడు. తుడుచుకున్న చేత్తోనే బేరం మొదలుపెట్టాడు. వైశ్యుడు కదా, రెండూ నిజమే.

"ఉచ్చీరప్పా, వచ్చే ప్లేట్లన్నీ ఒక మాదిరే ఉండాయి. దేవుని కీర్తన, లేకుంటే నాటకం పద్యం. భక్తీ పెండ్లీ ఒక ప్లేటులోనే ఉంటే ఇంటింటికీ పోతాది. అది నీ కాడ తప్ప ఎవరి కాడా లేదప్పా. మద్రాసుకు పోదాం రా" అన్నాడు.

ఉచ్చీరప్ప గనీ దగ్గరికి పోయాడు. సామి పాట సామి రోజుల్లో కాకుండా ఎట్లా పాడేదని ఆయన దిగులు. గనీ ఏకుతున్న దూది పక్కన పెట్టాడు.

"పాడు. ఎంతమంది వింటే సామికి అన్ని సలాములు. కానీ సెంబు తీసకపో. దించకుండా మాత్రం లెయ్యొద్దు" అన్నాడు.

ఉచ్చీరప్ప రైలెక్కడం అదే మొదలు. మద్రాసు నుంచి వచ్చాక ఆయన చెప్పిన కబుర్లకు మా వీధి పడీ పడీ నవ్వింది. గోడలకు కంబళ్లు కట్టిన గదిలో కూర్చోబెట్టారంట. ఎదురుగా కర్రకు తగిలించిన ఇనుప చెవి. ఎర్ర దీపం వెలిగితే పాడాలి, ఆరితే ఆపాలి. పక్క గదిలో మైనం పళ్లెం మీద ముల్లు తిరుగుతుంటుంది, పాటంతా అందులోకి దిగుతుంది. పళ్లెం ఇంతే కాబట్టి పాట కూడా ఇంతే ఉండాలని చెప్పారంట. ఈయన తల ఊపి, గుంట మగ్గం ముందు కూర్చున్నట్టు కూర్చొని, పాట ఎత్తుకున్నాడు. సామి గుర్రమెక్కి గడప దాటేసరికి ఎర్ర దీపం ఆరిపోయింది. మిషను ఆయన చేతులు ఊపాడు. శెట్టి చొక్కా పట్టి లాగాడు. ఈయన కళ్లు మూసుకొని గుర్రాన్ని ఒంటరిగా వెనక్కి తెచ్చి, పెండ్లికూతుర్ని ఏడిపించి, సామిని మట్టిలో పెట్టి, ఆఖరి చరణం దించి, చెంబులో నీళ్లు నేల మీద చల్లాడు. అక్కడ కరెంటు తీగలున్నాయంట. మిషను ఆయన గుండె బాదుకున్నాడంట.

"వాడు తిడితే తిట్టినాడు లెమ్మే. దించినా గదా" అన్నాడు ఉచ్చీరప్ప. అంత తృప్తిగా ఆయన మాట్లాడింది నేను ఎప్పుడూ వినలేదు.

పెండ్లి ప్లేటు మీద చావు ఎందుకు, మిగిలిన సగం ఇంకో ప్లేటు మీద వేస్తారులే అని శెట్టి చెప్పాడు. అన్నం తిన్నాక రెండో వైపుకు ఒక పాట కావాలంటే, ఈయన నవ్వుతూ వియ్యపురాలి మీద ఎత్తిపొడుపు పాట పాడి వచ్చాడు. ఆయన లెక్కలో పని సాఫీగా అయిపోయింది. దీపం ఆరినా ఆ ఇనుప చెవి ఎదురుగానే ఉంది కదా, విన్నది కదా, విన్నదంతా పెట్టెలో ఉంటుందనే అనుకున్నాడు. మేమూ అట్లాగే అనుకున్నాం. చెవి అంటే వినేదే అని మాకు తెలుసు గానీ, మూతపడే చెవి ఉంటుందని మాకెవరు చెప్పారు?

ప్లేటు వచ్చింది. ఒక వైపు కాసింసామి పెండ్లి, రెండో వైపు వియ్యపురాలి పాట. మొత్తానికి కలిపి 'పెండ్లి పాటలు' అని పేరు. మా వీధిలో పాటల పెట్టె ఉన్నవాళ్లు లేరు కాబట్టి ఉచ్చీరప్ప తన ప్లేటును తాను వినలేదు. నెలల తరువాత అమ్మకానికి చీరెల మూట ఎత్తుకొని ఆదోనికి పోయినప్పుడు, కోటకు పోయే దారిలో ఒక పెండ్లి పందిట్లో నుంచి తన గొంతు వినపడింది. మూట నేల మీద పెట్టి నిలబడ్డాడు. తనలో తాను సిగ్గుపడి నవ్వుకున్నాడు కూడా అంట. పెట్టె చుట్టూ జనం, పిల్లలు గంతులు వేస్తున్నారు. పసుపు దంచారు. ముసుగు కట్టారు. సామి గుర్రమెక్కి గడప దాటాడు. అంతే. కరకరమని చప్పుడు చేసి ముల్లు ఆగిపోయింది. ఎవరో ప్లేటు తిరగేశారు, వియ్యపురాలి పాట మొదలైంది, జనం పగలబడి నవ్వారు. అది అయిపోగానే మళ్లీ మొదటి వైపు వేశారు. మళ్లీ పసుపు దంచారు. మళ్లీ సామి గడప దాటి పోయాడు, తిరిగి రాలేదు.

ఆయన చీరెలు అమ్మకుండానే తిరిగి వచ్చి గనీ ఇంటి అరుగు మీద కూర్చున్నాడు.

"పెట్టె పాడితే ఆ పాపం పెట్టెది లేప్పా" అన్నాడు గనీ.

"గొంతు నాది గదా, గనీసాబూ?"

గనీ లోపలికి పోయి ఆయనకు చెంబుతో మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు.

ఆదోని పందిట్లోని ఆ పెండ్లికొడుకు ఆరు నెలలు తిరగకుండా చనిపోయాడు. కలరా వచ్చిన ఏడు అది. ప్లేటు విననివాళ్లు ఎంతోమంది పోయారు, విన్నవాళ్లు ఎంతోమంది బతికారు. ఆ మాట హులిగమ్మ చెప్పింది, నేనూ చెప్పాను. గోడకు చెప్పినట్టే అయింది. అప్పటి నుంచి ఉచ్చీరప్పకు నిలకడ పోయింది. పెండ్లి ముహూర్తాలు ఎక్కడెక్కడ ఉన్నాయో కనుక్కోవడం, మగ్గం ఆపి చెంబు పట్టుకొని పోవడం. పందిరి బయట నిలబడి ప్లేటు ఆగేదాకా చూసి, మిగిలిన పాట తాను పాడి, నాలుగు చుక్కలు నీళ్లు చల్లి రావడం. మొదట్లో లోగొంతుతోనే పాడేవాడు. కానీ మొదలు విన్న చెవులు చివర వినాలి కదా. లోపలి వాళ్లకు వినపడకపోతే ఏం లాభమని గొంతు పెంచాడు.

పెంచిన గొంతు దాగుతుందా? అదే గొంతు. పందిట్లో ఇప్పుడే పెండ్లి పాడిన గొంతు గుమ్మం బయట చావు పాడుతుంటే ఏ తల్లి ఊరుకుంటుంది? జనం ఆయనకు 'సావు పాట ఉచ్చీరప్ప' అని పేరు పెట్టారు. ఆయన వీధిలో ఎదురొస్తే పెండ్లి పనుల మీద పోయేవాళ్లు వెనక్కి తిరిగి కాళ్లు కడుక్కొని మళ్లీ బయలుదేరేవాళ్లు. ప్లేటును మాత్రం ఎవరూ మానుకోలేదు. అది శుభం, ఈయన అశుభం. ఈ లోకం తీరు నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆదోనిలో పత్తి వ్యాపారి గోపాలయ్య ఇంటి పెండ్లిలో కొట్టారు. తలంబ్రాలు పోసే వేళకు ఈయన గుమ్మం దగ్గర "గుర్రమొక్కటే వచ్చె, జీను మింద సామి లేడు" అని ఎత్తాడు. లోపల ఆడవాళ్లు కెవ్వుమన్నారు. మొగపెండ్లివారి కుర్రకారు చెంబు పీక్కొని దానితోనే నెత్తి మీద మోదారు. రక్తం కారుతున్నా ఈయన నోరు ఆపలేదంట. ఆఖరి చరణం పూర్తి చేశాకే కింద పడ్డాడంట. ఆ పెండ్లికి వచ్చిన కాశీవిశ్వనాథం శెట్టే ఆయన్ని బండిలో వేసుకొని ఇంటికి తెచ్చాడు.

హులిగమ్మ పసుపు అద్దుతూ ఏడ్చింది, ఏడుస్తూనే తిట్టింది. "పిలవని పేరంటానికి పోయి తన్నులు తినొచ్చిన మొగుణ్ణి నిన్నే సూసినా! ప్లేటుకేమో పందిట్లో పీట, నీకేమో గుమ్మం బయట దెబ్బలు. వాళ్ల ఇంట్లో సావొస్తే నీకేం, బతుకొస్తే నీకేం?"

"వాళ్లకు తెలీదు గదమ్మే" అన్నాడాయన. "తెలిసిన నేను ఊరుకుంటే ఎట్ల?"

శెట్టి తల వంచుకొని గడపలోనే కూర్చున్నాడు. ఉచ్చీరప్ప ఆయన చేయి పట్టుకున్నాడు.

"శెట్టీ, ఆ మిగిలిన సగం ప్లేటు వేయించు. నాకేమీ ఇయ్యొద్దు. రెండు ప్లేట్లూ కలిపే అమ్ము. పెండ్లి విన్నోళ్లు సావు గూడా విని, సల్లగుండాలనే మాట గూడా విని లేస్తారు. అంత సెయ్యి సాలు."

శెట్టి నిజంగానే ప్రయత్నం చేశాడు. మద్రాసుకు తానే పోయి అడిగి వచ్చాడు. అప్పటికి యుద్ధం ముదిరింది. ప్లేట్లు చేసే లక్కకు కరువొచ్చింది. పాత ప్లేట్లు తెచ్చి ఇస్తే గానీ కొత్తవి ఇవ్వమంటున్నారు. అందులోనూ చావు పాటకు ప్లేటు వేస్తే ఎవరు కొంటారని నవ్వారంట. పోనీ ఉన్నవి అమ్మకుండా ఆపమన్నాడు ఉచ్చీరప్ప. శెట్టి తన దుకాణంలో ఆపేశాడు. కానీ బళ్లారిలో అమ్ముతున్నారు, గుంతకల్లులో అమ్ముతున్నారు, కర్నూలులో అమ్ముతున్నారు. "నా సేతుల్లో ఏముందప్పా ఇంక? ఆ మైనం మింద దిగిన గొంతు నీది గాదు, నాది గాదు" అని శెట్టి కండ్లనీళ్లు పెట్టుకున్నాడు. నేను చెప్పాను కదా, తిట్టడానికి ఎవరూ దొరకలేదని.

ఇదంతా ఒక ఎత్తు, సుంకులమ్మ పెండ్లి ఒక ఎత్తు. చావు పాట వాని ఇంటి పిల్లను ఎవరు చేసుకుంటారు? వచ్చిన సంబంధాలు వచ్చినట్టే పోయాయి. నాకు అదే వీధిలో పెండ్లయి కొడుకు పుట్టినా సుంకులమ్మ ఇంకా నాయన మగ్గానికి నూలు కండెలు చుట్టుకుంటూనే ఉంది. నలభైనాలుగు ఎండాకాలంలో చిప్పగిరి నుంచి ఈరన్న అనే పిల్లవాడు తనంతట తాను వచ్చాడు. ఆదోనిలో జిన్నింగు మిల్లులో పని. పొడుగు మనిషి, నోరు తెరిస్తే నవ్వే. మిల్లు ఎదురుగా ఉన్న హోటల్లో ఆ ప్లేటు రోజూ విని, ఆ గొంతంటే ప్రాణం పెట్టుకున్నాడు. "ఆ గొంతాయన నాకు మామ అయితే అంతకంటే ఏం కావాల?" అన్నాడు. ఎన్నేండ్లకు ఆ ఇంట్లో నవ్వు వినపడిందో! నాకు ఆ రోజు ఈరన్నను ఎత్తుకొని తిప్పాలనిపించింది.

ఈరన్న తల్లి మాత్రం ఒప్పుకోవడానికి ఒక షరతు పెట్టింది. పెండ్లిలో ఉచ్చీరప్ప పాట పాడకూడదు, నోరు మెదపకూడదు. ఆయన సుంకులమ్మ నెత్తి మీద చేయి పెట్టి ప్రమాణం చేశాడు. చేసి, తానూ ఒకటి అడిగాడు. పెండ్లిలో ఆ ప్లేటు పెట్టకూడదు. పందిట్లో పాట సగంలో ఆగితే ఆ చావు వెతుక్కునేది పెండ్లికొడుకునే అని ఆయన భయం. ఆమె సరేనంది. ఆమెకూ ఆ ప్లేటుతో పని లేదు. ఆ పెద్దల మాట పెద్దల నడుమనే ఉండిపోయింది, మిల్లులోని ఈరన్న సావాసగాండ్లకు ఎవరు చెప్పారు?

తాళి కట్టడం అయింది. సుంకులమ్మ పక్కన తోడుగా నేనే ఉన్నాను. అక్షింతలు ఇంకా మా ఒళ్లోనే ఉన్నాయి. అప్పుడే మిల్లు పిల్లలు కేకలు వేసుకుంటూ బండిలో నుంచి పాటల పెట్టె దించారు. మామకు మర్యాద చేయాలని తమలో తాము చందాలు వేసుకొని ఆదోని నుంచి బాడుగకు తెచ్చారు. ఉచ్చీరప్ప స్తంభం దగ్గర తాంబూలాల పళ్లెం పట్టుకొని ఉన్నాడు. పెట్టెను చూసిన వెంటనే పళ్లెం కింద పెట్టి చేతులు అడ్డంగా ఊపాడు. వాళ్లకు అది మొహమాటంగా కనపడింది. "సిగ్గుపడతాండాడు రా మామ!" అని నవ్వి కీ తిప్పారు.

పసుపు దంచారు. నలుగు పెట్టారు. పందిట్లో ఉన్నవాళ్లంతా ప్లేటు వైపు ఒకసారి, ఆయన వైపు ఒకసారి చూస్తున్నారు. ఈరన్న ముఖం గర్వంతో వెలిగిపోతోంది. సామి గుర్రమెక్కాడు, గడప దాటాడు, ముల్లు కరకరమంది. నేను ఉచ్చీరప్పనే చూస్తున్నాను. ఆయన పెదవులు విడిపోయాయి. గొంతు ముడి పైకి లేచింది. అంతలో ఆయన కండ్లు సుంకులమ్మ నెత్తి మీద పడ్డాయి, తాను చేయి పెట్టిన చోట. రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకున్నాడు. ప్రమాణం తప్పితే కూతురు, పాట ఆపితే అల్లుడు. మింగలేక కక్కలేక ఆ మనిషి స్తంభానికి ఆనుకొని అట్లాగే కిందికి జారి కూర్చున్నాడు. చూసినవాళ్లు కూతురు వెళ్లిపోతోందని ఏడుస్తున్నాడనుకున్నారు. సుంకులమ్మ ఒళ్లోని అక్షింతలను పిడికిట్లో నలిపేసింది. ఆమెకు తెలుసు, నాకు తెలుసు, ఇంకెవరికీ తెలియదు.

పెండ్లి అయిన మర్నాడే ఆయన గనీని అడిగాడు, ఆదోనికి పోయి అల్లునికి మిగిలిన పాట వినిపించి రానా అని.

"వద్దప్పా" అన్నాడు గనీ. "ఒక్కని ముందర ఆ సావు పాడితే వాని కోసమే పాడినట్టయితాది. గుండం కాడికి పిలువు. ఊరందరితో పాటు వింటాడు, సామి సూసుకుంటాడు."

అప్పటి నుంచి ఉచ్చీరప్పకు బతుకంతా పీర్ల పండగ కోసం కాచుకోవడమే అయింది. పెండ్లిండ్ల దగ్గరికి పోవడం మానేశాడు. తిరిగే ఓపికా లేదు, మనసూ లేదు. అల్లునికి జలుబు చేసిందని తెలిస్తే ఈయనకు అన్నం దిగేది కాదు. మిల్లులో ఎవరిదో చేయి యంత్రంలో పడిందని వింటే చెప్పుల్లేకుండా ఆదోని దారి పట్టి, పైలంగా ఉండమని అల్లునికి జాగ్రత్తలు చెప్పి వచ్చేవాడు. ఆ ఏడు పండగ చలికాలంలో వచ్చింది. పత్తి సీజను. మిల్లు పగలూ రాత్రీ నడుస్తోంది, సెలవు లేదు. "వచ్చే ఏడు తప్పకుండా వస్తా మామా" అని ఈరన్న కబురు పంపాడు. ఏడాది అంటే ఆ కుర్రవానికి ఎంత, ఈయనకు ఎంత!

ఆ ఏడాదిలోనే దగ్గు పట్టుకుంది. నేతపనిలో ముసలితనం ముందు ఊపిరితిత్తుల్లోకి వస్తుంది. మగ్గం మీద రెండు పోగులు నేస్తే నాలుగు సార్లు దగ్గేవాడు. పండగ నెలవంక కనపడినప్పటి నుంచి మాట్లాడడం బంద్ చేశాడు. ఏదైనా కావాలంటే చేతులతో చెప్పేవాడు. మిరియాల కషాయం, తేనె, కరక్కాయ బుగ్గన పెట్టుకోవడం. "ఉన్న గుసగుస గూడా పోయె" అంటూనే హులిగమ్మ మూడు పూటలా కషాయం కాచి ఇచ్చేది. సుంకులమ్మ అప్పటికి పురిటికి వచ్చి, మగపిల్లవాణ్ణి కని, పుట్టింట్లోనే ఉంది. మిల్లులో బాయిలరు చెడిపోయి పని ఆగింది. బిడ్డను చూడడానికి ఈరన్న సరిగ్గా ఏడో రోజు దిగాడు. ఉచ్చీరప్ప వీధిలోనే అల్లుణ్ణి గట్టిగా పట్టుకొని, మాట లేకుండానే నవ్వాడు. సామి ఉన్నాడని నేను ఆ రోజు నిజంగా నమ్మాను.

పొద్దు వాలింది. గుండం ఎర్రగా ఉంది. ఈరన్నను ముందు వరసలో కూర్చోబెట్టారు. సుంకులమ్మ బిడ్డను ఒళ్లో వేసుకొని నా పక్కన కూర్చుంది. గనీ చెంబు పట్టుకొని నిలబడ్డాడు. ఉచ్చీరప్ప కండ్లు మూసుకొని ఎత్తుకున్నాడు. ఎక్కడ దాచుకున్నాడో గానీ పాత గొంతే వచ్చింది. పసుపు దంచారు, నలుగు పెట్టారు. మొగం నిండా మల్లెల ముసుగు కట్టారు. జనం కాళ్లు ఆడాయి. సామి గుర్రమెక్కాడు. గడప దాటాడు.

అక్కడ దగ్గు వచ్చింది. వంగిపోయి దగ్గాడు. లేచి "గుర్రమొక్కటే" అనబోయాడు. పెదవులు కదిలాయి గానీ శబ్దం రాలేదు. మళ్లీ ప్రయత్నించాడు. గాలి వచ్చింది, గొంతు రాలేదు. హులిగమ్మ నీళ్లు తెచ్చి తాగించింది. తాగి మళ్లీ నోరు తెరిచాడు. మెడ నరాలు తాళ్లలా లేచాయి, కండ్లలో నుంచి నీళ్లు కారాయి. పాట మాత్రం రాలేదు. గుండం చుట్టూ ఒక్కరు కూడా కదలలేదు. ఎత్తుకున్న గొంతే దించాలి, ఎవరు అందుకుంటారు? నా పక్కన సుంకులమ్మ నోరు తెరవబోయింది. ఆమెకు పాటంతా వచ్చు. కట్టుబాటును తెంచుకునైనా పాడేదేమో. కానీ ఎదురుగా మొగుడు కూర్చొని ఉన్నాడు. 'జీను మింద సామి లేడు' అనే మాట ఏ భార్య నోట వస్తుంది? బిడ్డను గుండెకు అదుముకొని తల దించేసింది. గనీ నీళ్లు చల్లకుండానే చెంబు కింద పెట్టేశాడు.

చివరికి ఈరన్నే లేచాడు. మామ దగ్గరికి పోయి కాళ్లకు మొక్కాడు. అతని కండ్లు కూడా తడిగానే ఉన్నాయి.

"నా కోసమే గదా మామా, ప్లేటులో మాదిరి పెండ్లి కాడనే నిలిపినావు! ఇంతమంది ముందర నాకు సావు మాట వినపడనియ్యలేదు. మా యమ్మకు సెప్తా, మామకు నేనంటే ఎంత ప్రేమనో" అన్నాడు.

ఉచ్చీరప్ప అల్లుని ముఖం రెండు చేతులతో పట్టుకున్నాడు. నుదురు తడిమాడు, చెవులు తడిమాడు, భుజాలు తడిమాడు. గొంతులో నుంచి ఒక్క మాట బయటికి వచ్చింది. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినపడింది.

"పైలం నాయనా" అన్నాడు.